కల్చర్ రిపోర్టులో ఆ పేరేంటి డాక్టరమ్మా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

కడుపుతో ఉన్నవాళ్లకు వచ్చే మూత్ర ఇన్ఫెక్షన్ల గురించి పాలమూరు, నల్లగొండ వైపు నుంచి ఈసారి ఉత్తరాలు కుప్పగా వచ్చాయి. కొందరు రిపోర్టు ఫొటో కూడా జత చేశారు. అందులోని పేరు నోరు తిరగక కొందరు, నోరు తిరిగాక భయపడి కొందరు రాశారు. కాన్పుల డాక్టరు, ల్యాబులో కల్చర్లు (మూత్రంలోని బ్యాక్టీరియాను పెంచి, పేరు తేల్చే పరీక్షలు) చూసే మైక్రోబయాలజిస్టు కలిసి ఇస్తున్న జవాబులివి. మందుల పేర్లు రాసింది మీ చేతిలోని చీటీ మీకు అర్థం కావడానికి. చీటీ లేకుండా షాపులో అడగడానికి కాదు.

నాకు నాలుగో నెల. మంట లేదు, జ్వరం లేదు. దవాఖానల రాస్తే మూత్రం కల్చర్ చేయించిన. ‘ఈ.కోలి, లక్ష కంటే ఎక్కువ’ అని వచ్చింది. ఏడు రోజులు గోళీలు రాసిండ్రు. ఏ బాధా లేనప్పుడు కడుపుతో ఉన్నదానివి గోళీలు ఎందుకని మా అత్తమ్మ వద్దంటున్నది. ఏం చేయాలె? — మిర్యాలగూడ

వేసుకోండమ్మా. ఏడు రోజులూ, ఒక్క పూట కూడా తప్పకుండా. మీ అత్తమ్మ మాట కొట్టిపారేసేదేం కాదు. గర్భం లేని ఆడవాళ్లకు ఇదే రిపోర్టు వచ్చి, ఏ బాధా లేకపోతే మేమే మందు రాయం. గర్భిణి దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది.

వంద మంది గర్భిణుల్లో ఇద్దరి నుంచి పది మంది దాకా మూత్రంలో ఇలా చడీచప్పుడు లేకుండా బ్యాక్టీరియా ఉంటుంది. వదిలేస్తే అలాంటి నలుగురిలో సుమారు ఒకరికి, కాన్పయ్యేలోగా అది కిడ్నీకి ఎక్కుతుంది. మందు వేస్తే ఆ ముప్పు నాలుగింట మూడొంతులు తగ్గుతుంది. నెలలు నిండకుండా కాన్పు కావడం, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం కూడా తగ్గుతాయి. అందుకే బాధ లేకపోయినా ఏడు రోజుల మందు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో గర్భిణుల కోసం ఇచ్చిన సూచనల్లో ఉంది.

కిడ్నీకి ఎక్కే దారిని సుగమం చేసేది గర్భమే. కిడ్నీల నుంచి మూత్రాశయానికి దిగే నాళాలు మామూలుగా అలలు అలలుగా పిండుతూ మూత్రాన్ని కిందికి తోస్తాయి. ప్రొజెస్టిరాన్ హార్మోన్ వాటిని సడలిస్తుంది. దాంతో మూత్రం జారకుండా నిలుస్తుంది. పెరిగే గర్భసంచి కొంచెం కుడివైపు ఒరుగుతుంది కాబట్టి కుడి నాళం మీద ఒత్తిడి ఎక్కువ. స్కానింగ్‌లో ‘కుడి కిడ్నీ కొంచెం ఉబ్బి ఉంది’ అని రాసేదీ, కిడ్నీ ఇన్ఫెక్షన్ కుడివైపే ఎక్కువగా వచ్చేదీ అందుకే. పైగా గర్భిణి మూత్రంలోకి కాస్త చక్కెర, అమైనో ఆమ్లాలు జారుతుంటాయి. బ్యాక్టీరియాకు అంతకంటే ఏం కావాలి?

ఇక ఆ లక్ష సంగతి. ఒక మిల్లీలీటరులో వెయ్యో వంతు మూత్రం మాత్రమే పట్టే సన్నటి తీగ ఉంగరం ల్యాబులో ఉంటుంది. దాన్ని మీ డబ్బాలో ముంచి, బ్యాక్టీరియా పెరగడానికి ఆహారం పోసిన ల్యాబు ప్లేటు మీద గీస్తారు. 35 నుంచి 37 డిగ్రీల వేడిలో ఒక రాత్రి ఉంచితే ఒక్కో బ్యాక్టీరియా ఒక్కో చుక్కగా పెరుగుతుంది. నూరు చుక్కలు లెక్క తేలితే మిల్లీలీటరుకు లక్ష అన్నమాట. ఈ లక్ష హద్దును 1950ల్లో ఎడ్వర్డ్ కాస్ అనే అమెరికన్ డాక్టర్ పెట్టాడు. ఇప్పటికీ అదే నడుస్తోంది.

ఒక మాట మిగతావాళ్లకు కూడా. ప్రతిసారీ ఏఎన్‌ఎం పుల్ల ముంచి చూసేది అల్బుమిన్, షుగర్. అది కల్చర్ కాదు. మూడో నెల, నాలుగో నెల మధ్య ఒకసారి కల్చర్ రాయమని మీరే అడగండి. ప్రతి నెలా 9వ తేదీన సర్కారు దవాఖానల్లో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద డాక్టర్లు గర్భిణులను చూస్తారు. అడగడానికి అది మంచి రోజు.

నా భార్యకు ఆరో నెల. ఈ.కోలి వచ్చిందన్నారు. మలంలో ఉండే పురుగట. మేం శుభ్రంగానే ఉంటాం. నీళ్ల వల్లనా? నా నుంచి సోకిందా? నేను కూడా మందు వాడాలా? — నాగర్‌కర్నూల్

మీరు వాడక్కర్లేదు. నీళ్ల వల్లా కాదు. ఈ.కోలి ఆమె పేగుల్లోదే. మీ పేగుల్లో, మా పేగుల్లో కూడా ఉంటుంది. 1885లో జర్మన్ పిల్లల డాక్టర్ థియోడర్ ఎషెరిష్ మొదట గుర్తించింది కూడా పసిపిల్లల మలంలోనే. గర్భిణుల మూత్ర ఇన్ఫెక్షన్లలో పదింటికి ఏడెనిమిది దీనివల్లే వస్తాయి.

ఆడవాళ్లలో మూత్రద్వారం నుంచి మూత్రాశయానికి దూరం మూడు, నాలుగు సెంటీమీటర్లే. అంటే వేలి రెండు కణుపులంత. మలద్వారం పక్కనే ఉంది. అయితే పేగులోని ప్రతి ఈ.కోలీ ఎక్కలేదు. మూత్రం ధార కడిగేస్తుంది కదా. ఒంటి నిండా సన్నటి వెంట్రుకల్లాంటి కొక్కేలున్న రకాలే మూత్రాశయం గోడను పట్టుకుని నిలుస్తాయి. పి రకం కొక్కేలున్నవి ఇంకా పైకి, కిడ్నీ దాకా పోగలవు. కాబట్టి ఇది మురికి మనుషుల జబ్బు కాదు. ఆమెను ఆ మాట అనకండి, ఎవరినీ అననివ్వకండి.

కలయిక వల్ల ద్వారం దగ్గరున్న బ్యాక్టీరియా లోపలికి నెట్టుకుపోతుంది. మీ వంతు ఉన్నది అంతవరకే. తర్వాత ఆమె వెంటనే మూత్రానికి వెళ్తే చాలావరకు కొట్టుకుపోతుంది. దొడ్డికి వెళ్లాక కడుక్కునేటప్పుడు చెంబు నీళ్లు ముందు నుంచి పోస్తూ, చెయ్యి వెనక నుంచి పెట్టి వెనక్కే తుడవాలి. చెయ్యి ముందు నుంచి పెట్టి వెనకది ముందుకు లాగే అలవాటు చాలామందికి ఉంది. చిన్నప్పటి అలవాటు కాబట్టి చెబితే తప్ప తెలియదు. సబ్బు, డెట్టాల్ లోపల పెట్టవద్దు. అక్కడ కాపలా ఉండే మంచి బ్యాక్టీరియా చచ్చి, పేగు బ్యాక్టీరియాకు జాగా దొరుకుతుంది.

మా ఇంట్ల ముగ్గురం ఒకేసారి కడుపుతోటి ఉన్నం. నాకు ప్రోటియస్, మా అక్కకు క్లెబ్సియెల్లా, మా చిన్నమ్మ బిడ్డకు ఎంటెరోకాకస్ వచ్చింది. అన్నీ మూత్రం ఇన్ఫెక్షన్లే కదా, అక్క గోళీలు మిగిలినయి, నేను వాడుకోవచ్చా? — దేవరకొండ

వద్దు. ముగ్గురి పేర్లు కలిపి రాసి మీరు మాకు మేలే చేశారు. రిపోర్టులో పేరు ఎందుకు చూడాలో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ మాకు దొరకదు.

ముందు మీ ప్రోటియస్. గర్భిణులకు డాక్టర్లు తరచూ రాసే మాత్ర నైట్రోఫ్యురాంటోయిన్. ప్రోటియస్‌కు అది పుట్టుకతోనే పనిచేయదు. మీ అక్క చీటీలో అదే ఉంటే, మీరు ఏడు రోజులు వేసుకున్నా బ్యాక్టీరియా చెక్కుచెదరదు. ప్రోటియస్‌కు ఇంకో విద్య ఉంది. యూరియేజ్ అనే ఎంజైమ్‌తో మూత్రంలోని యూరియాను అమ్మోనియాగా విరగ్గొడుతుంది. అందుకే మూత్రం ఘాటుగా అమ్మోనియా వాసన కొడుతుంది. మూత్రం క్షారగుణానికి మారి, మెగ్నీషియం అమ్మోనియం ఫాస్ఫేట్ పేరుకుని రాళ్లు కడతాయి. ఆ రాళ్ల సందుల్లో బ్యాక్టీరియా దాక్కుంటుంది కాబట్టి మందు ఆపగానే మళ్లీ వస్తుంది. ప్రోటియస్ రెండోసారి వచ్చిందంటే కిడ్నీల స్కానింగ్ అడగండి. ల్యాబు ప్లేటు మీద దీన్ని చూడాలి. చుక్కలా ఒకచోట ఉండదు, చెరువులో రాయి వేసినట్టు వలయాలు వలయాలుగా ప్లేటంతా పాకుతుంది.

మీ అక్క క్లెబ్సియెల్లా ప్లేటు మీద జిగటగా, చీమిడిలా సాగే గులాబీ చుక్కలు కడుతుంది. ఒంటి చుట్టూ మందపాటి తొడుగు ఉండటం వల్ల ఆ జిగట. ఇంకో మందు కలపని వట్టి ఆంపిసిలిన్, వట్టి అమాక్సిసిలిన్ దీనిమీద పనిచేయవు. గర్భంతో షుగర్ ఉన్నవాళ్లలో, అంతకుముందు దవాఖానలో చేరి యాంటిబయాటిక్స్ వాడినవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది.

చిన్నమ్మ బిడ్డ ఎంటెరోకాకస్ వీటికి పూర్తిగా రివర్సు. సెఫలెక్సిన్, సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్.. ‘సెఫ్’ అని మొదలయ్యే ఈ మాత్రలు, సూదుల్లో ఏదీ దీన్ని తాకలేదు. ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ చాలాసార్లు పనిచేస్తాయి. అంటే మీ అక్కకు పనికిరానిది ఆమెకు పనికొస్తుంది. మూత్రానికి గొట్టం వేసినవాళ్లలో, మాటిమాటికి ‘సెఫ్’ మందులు వాడినవాళ్లలో ఇది తలెత్తుతుంది.

మీరు అడగని పేరు ఇంకొకటి, స్టాఫైలోకాకస్ సాప్రోఫైటికస్. వయసులో ఉన్న ఆడవాళ్లలో వస్తుంది. ఒక్క పొట్లం నీళ్లలో కలిపి తాగించే ఫాస్ఫోమైసిన్ దీనికి పనిచేయదు. అదే ఈ.కోలికైతే ఆ పొట్లం బాగా పనిచేస్తుంది. పేరు దగ్గరగా ఉందని స్టాఫైలోకాకస్ ఆరియస్‌తో కలపవద్దు. ఆరియస్ మూత్రంలో కనిపిస్తే రక్తంలోంచి దిగిందేమోనని డాక్టరు అనుమానించి వెతకాలి. లాక్టోబాసిల్లస్ అని వస్తే మాత్రం నిశ్చింతగా ఉండండి, అది యోని దగ్గర ఉండే కాపలాదారే.

అక్క గోళీలు మిగిలాయి అన్నారు. ఎందుకు మిగిలాయి? మంట తగ్గగానే మానేసిందా? అలాగైతే ఆమెకు మళ్లీ కల్చర్ చేయించండి.

నాకు ఏడున్నర నెలలు. కల్చర్‌లో ‘గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్, 20 వేలు’ అని వచ్చింది. లక్ష లేదు కదా అంటే, డాక్టరమ్మ ఇప్పుడు మందు రాయలేదు గానీ కాన్పప్పుడు సూది వేయాలన్నది. అర్థం కాలేదు. — మహబూబ్‌నగర్

మీ డాక్టరమ్మ సరిగ్గా చెప్పింది. మిగతా బ్యాక్టీరియాకు లక్ష హద్దు. దీనికి మాత్రం అంకె ఎంతైనా సరే, మూత్రంలో కనిపించిందంటే యోనిలో అది దండిగా ఉన్నట్టు లెక్క. కాన్పయ్యేటప్పుడు బిడ్డ ఆ దారినే వస్తుంది. మందు లేకపోతే అలాంటి తల్లుల బిడ్డల్లో నూటికి ఒకరిద్దరికి, ఎక్కువగా మొదటి రోజే, ఆయాసం, పాలు తాగకపోవడం, ఒళ్లు చల్లబడటం లేదా కాలడం మొదలై రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకుతుంది.

ఇప్పుడు గోళీలు వేసినా కాన్పు నాటికి అది పేగుల్లోంచి మళ్లీ వచ్చి కూర్చుంటుంది. అందుకే లక్ష దాటకుండా, మంట లేకుండా ఉంటే ఇప్పుడు వేయరు. నొప్పులు మొదలయ్యాక పెన్సిలిన్ గానీ ఆంపిసిలిన్ గానీ నరానికి ఇస్తారు, కాన్పయ్యేదాకా నాలుగు గంటలకోసారి. మొదటి డోసు కాన్పుకు కనీసం నాలుగు గంటల ముందు పడితేనే బిడ్డకు పూర్తి రక్షణ. కాబట్టి నొప్పులు బాగా పట్టేదాకా ఇంట్లో ఆగవద్దు. నొప్పులు మొదలవగానే, లేదా ఉమ్మనీరు పోగానే బయల్దేరండి. తల్లిగారింటికి పోతున్నా ఆ రిపోర్టు ఫైల్లో పైనే పెట్టుకోండి. డ్యూటీలో ఉన్న సిస్టర్‌కు మొదటి మాటగా చెప్పాల్సింది అదే. పెన్సిలిన్ పడదని ఎప్పుడైనా తేలి ఉంటే ఇప్పుడే చెప్పండి. నొప్పులు రాకముందు, ఉమ్మనీరు పోకముందు ముందే అనుకుని ఆపరేషన్ చేస్తే ఈ సూది అక్కర్లేదు.

రెండుసార్లు కల్చర్‌కు ఇచ్చినం. రెండుసార్లూ ‘మిక్స్‌డ్ గ్రోత్, మళ్లీ పంపండి’ అని వచ్చింది. పైసలు, టైము దండగ. ల్యాబోళ్ల తప్పు కాదా? మేం అచ్చంపేట నుంచి పొద్దున పట్టి బస్సులో తెచ్చి పాలమూరులో ఇచ్చినం. — అచ్చంపేట

మూడు, అంతకంటే ఎక్కువ రకాలు ఒకే ప్లేటు మీద పెరిగితే అది మూత్రాశయంలోది కాదు, చర్మం మీది, యోనిలోది కలిసిందని అర్థం. ల్యాబువాళ్లు ఏదో ఒక పేరు రాసి పంపకుండా మళ్లీ అడిగారంటే నిజాయితీగా చేసినట్టే. తేడా పట్టే దగ్గర, తెచ్చే దగ్గర జరిగి ఉంటుంది.

పట్టే పద్ధతి ఇది. పొద్దున లేవగానే పోసే మూత్రం మంచిది, లేకపోతే కనీసం మూడు, నాలుగు గంటలు ఆగినది. ముందు చేతులు సబ్బుతో కడగండి. మర్మాంగాన్ని మంచినీళ్లతోనే ముందు నుంచి వెనక్కి కడిగి, శుభ్రమైన పొడి గుడ్డతో అద్దండి. తెల్లబట్ట ఎక్కువ అవుతుంటే యోనిద్వారం దగ్గర చిన్న దూది ముక్క అడ్డం పెట్టుకోవచ్చు. డబ్బా మూత తీసి, మూతను బోర్లించకుండా, లోపలి వైపు పైకి ఉండేలా పెట్టండి. ఒక చేతి రెండు వేళ్లతో పెదవులను విడదీసి, పట్టడం అయ్యేదాకా వేళ్లు తీయవద్దు. చాలామంది ఇక్కడే వదిలేస్తారు, ధార చర్మాన్ని కడుగుతూ డబ్బాలో పడుతుంది. మొదటి ధార వదిలేయండి. ధార ఆపకుండానే డబ్బాను మధ్యలోకి తెచ్చి, పావు గ్లాసు కంటే తక్కువ, 20 నుంచి 30 మిల్లీలీటర్లు పట్టి, డబ్బా పక్కకు తీశాక మిగతాది పోయండి. డబ్బా అంచుకు ఒళ్లు తగలకూడదు, లోపల వేలు పెట్టకూడదు. ఏడో నెల దాటాక పొట్ట అడ్డం వచ్చి కింద కనిపించదు. అప్పుడు కమోడ్ మీద కాళ్లు ఎడంగా పెట్టి కూర్చోండి, ఇంకొకరు డబ్బా అందిస్తే తేలిక. ఇంట్లోని హార్లిక్స్ సీసా, టానిక్ సీసా ఎంత మరిగించి కడిగినా వాడవద్దు. ల్యాబువాళ్లు ఇచ్చే సీలు డబ్బానే వాడండి.

ఇక బస్సు. అనువైన వేడిలో ఈ.కోలి 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. మూత్రాశయంలో మిల్లీలీటరుకు వెయ్యి ఉన్నాయనుకోండి. 20 నిమిషాలకు 2 వేలు, గంటకు 8 వేలు, రెండు గంటల ఇరవై నిమిషాలకు 1,28,000. అంటే ఇన్ఫెక్షన్ లేని మనిషి రిపోర్టులో కూడా లక్ష దాటవచ్చు. మే నెల బస్సు కిటికీ పక్కన సంచిలో డబ్బా ఉంటే, బ్యాక్టీరియాను పొదగడానికి అంతకంటే వెచ్చని చోటు ఏముంటుంది? పట్టిన రెండు గంటల్లోపు ల్యాబుకు చేరాలి. కుదరకపోతే ఫ్రిజ్‌లో కింది అరలో, డీప్ ఫ్రీజర్‌లో కాదు, 4 డిగ్రీల దగ్గర పెడితే 24 గంటలు ఆగుతుంది. బస్సులో తేవాలంటే డబ్బాను రెండు ప్లాస్టిక్ కవర్లలో కట్టి, ఐసు ముక్కలు వేసిన టిఫిన్ డబ్బాలోనో ఫ్లాస్కులోనో పెట్టండి. మీకు అన్నిటికంటే తేలికైన దారి ఇంకొకటి ఉంది. పాలమూరుకు వచ్చాక ల్యాబు బాత్‌రూంలోనే పట్టి ఇవ్వండి. ఇంటి దగ్గరి పొద్దుటి మూత్రం కాకపోయినా ఫరవాలేదు, తాజాది మేలు.

నల్లగొండలో చూపిస్తే మూత్రంలో ‘పస్ సెల్స్ 15 నుంచి 20, నైట్రైట్ నెగటివ్’ అని ఉంది. ఇన్ఫెక్షన్ ఉన్నట్టా లేనట్టా? — నకిరేకల్

రెండూ కావచ్చు. పస్ సెల్స్ అంటే చీము కణాలు. అదే రిపోర్టులో ‘ఎపిథీలియల్ సెల్స్’ (చర్మం, యోని పైపొర నుంచి రాలే కణాలు) అనే వరుస ఎదురుగా ఎంత రాశారో చూడండి. అవి కూడా ఎక్కువగా ఉంటే చీము కణాలు తెల్లబట్టలోంచి కలిసినవే కావచ్చు. శుభ్రంగా పట్టి మళ్లీ ఇవ్వాలి.

నైట్రైట్ నెగటివ్ అని ధైర్యపడవద్దు. ఈ.కోలి, క్లెబ్సియెల్లా, ప్రోటియస్ లాంటివి మూత్రంలోని నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తాయి. దానికి మూత్రం మూత్రాశయంలో నాలుగు గంటలైనా నిలవాలి. గర్భిణి గంటకోసారి పోతుంటే ఆ టైము ఎక్కడిది? పైగా ఎంటెరోకాకస్, గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్, సాప్రోఫైటికస్‌లకు ఆ మార్చే శక్తే లేదు. కల్చర్ ఒక్కటే తేల్చగలదు. చీము కణాలు ఎక్కువగా ఉండి కల్చర్‌లో రెండుసార్లూ ఏమీ పెరగకపోతే క్లమీడియా, గనేరియా (ఈ రెండూ కలయికతో సోకేవి), క్షయ గురించి డాక్టరు ఆలోచిస్తారు. మామూలు ప్లేటు మీద అవి పెరగవు.

ఊర్ల ఆర్‌ఎంపీ మంటకు నార్‌ఫ్లాక్సాసిన్ గోళీలు, ఎర్ర సిరప్పు ఇచ్చిండు. రెండు రోజులు వాడినంక పట్నంల కల్చర్ చేస్తే ఏం లేదన్నరు. మంట మాత్రం మళ్లీ మొదలైంది. నాకు మూడో నెల. — కల్వకుర్తి

ఆ గోళీలు ఆపండి. నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ జాతిని గర్భంతో ఉన్నప్పుడు వాడం. డాక్సీసైక్లిన్ బిడ్డ ఎముకల్లో, పళ్లలో పేరుకుంటుంది. ట్రైమెథోప్రిమ్ కలిసిన మాత్రలు ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడతాయి కాబట్టి మొదటి మూడు నెలల్లో వద్దు. రెండు రోజులు వేసుకున్నందుకు బిడ్డకు ఏదో అయిపోయిందని మాత్రం బెంగపడకండి. వచ్చే స్కానింగ్‌లో డాక్టరుకు ఆ మాట చెబితే చాలు.

కల్చర్‌లో ఏమీ రాకపోవడానికి కారణం ఆ గోళీలే. మందు మూత్రంలో ఉంటే ల్యాబు ప్లేటు మీద కూడా బ్యాక్టీరియా పెరగదు. మొదటి గోళీకి ముందు మూత్రం డబ్బాలో పడాలి. ఆ తర్వాత రిపోర్టు వచ్చేదాకా ఆగక్కర్లేదు. మంట ఉంటే డాక్టరు అదే రోజు మందు మొదలుపెట్టి, రెండు, మూడు రోజుల్లో రిపోర్టు చూసి అవసరమైతే మారుస్తారు.

సిరప్పు చాలావరకు సిట్రేటు రకమే అయి ఉంటుంది. మూత్రం పులుపు తగ్గించి మంటను చల్లారుస్తుంది. బ్యాక్టీరియాను చంపదు. మంట తగ్గింది కాబట్టి జబ్బు తగ్గిందనుకుంటే మోసపోతాం. నైట్రోఫ్యురాంటోయిన్ పులుపు మూత్రంలోనే బాగా పనిచేస్తుంది కాబట్టి ఆ రెండూ కలిపి వాడటం తెలివైన పని కాదు.

రిపోర్టులో ‘ఈఎస్‌బీఎల్ పాజిటివ్’ అని, మందుల పేర్ల ఎదురుగా ఆర్, ఆర్, ఆర్ అని ఉంది. ఇక మందే లేదా? — సూర్యాపేట

ఉంది. ఆర్ అంటే ఆ మందు పనిచేయదు, ఎస్ అంటే పనిచేస్తుంది, ఐ అంటే డోసు పెంచితే పనిచేయవచ్చు. ఈఎస్‌బీఎల్ అనేది పెన్సిలిన్లను, సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటివాటిని ముక్కలు చేసే ఎంజైమ్. ఈ.కోలి, క్లెబ్సియెల్లా దాన్ని తయారుచేయడం మన దేశంలో మామూలైపోయింది. ప్రతి జలుబుకూ యాంటిబయాటిక్ మింగిన పుణ్యం. ఇన్ఫెక్షన్ మూత్రాశయంలోనే ఉంటే ఫాస్ఫోమైసిన్, నైట్రోఫ్యురాంటోయిన్ చాలాసార్లు ఎస్ గానే వస్తాయి. కిడ్నీకి ఎక్కితే దవాఖానలో చేర్చుకుని మెరోపెనెమ్ లాంటి సూదులు వేస్తారు.

ఒక ఉచ్చు గమనించండి. సిప్రోఫ్లాక్సాసిన్ ఎదురుగా ఎస్ అని ఉన్నా అది మీకు కాదు. ఫారం మీద ‘గర్భిణి, ఇన్ని వారాలు’ అని రాయకపోతే ల్యాబుకు తెలియదు, అన్ని మందులూ వరుసగా రాసేస్తుంది.

మాది మగ్గం పని. గుంటల దిగినంక మాటిమాటికి లేవలేను, నీళ్లు తక్కువ తాగుత. దానివల్లనే వస్తదా? — గట్టుప్పల్

మూత్రం ఆపుకుంటే బ్యాక్టీరియా పుట్టదు. లోపలికి వచ్చినదానికి పెరగడానికి టైము దొరుకుతుంది. పత్తి ఏరేవాళ్లు, నాట్లేసేవాళ్లు కూడా చాటు దొరకదని పొద్దంతా నీళ్లు తాగరు, ఇదే కథ. రెండు, మూడు గంటలకోసారి లేవండి, దాహం కోసం ఎదురుచూడకుండా రోజుకు రెండున్నర లీటర్ల దాకా తాగండి. ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. మూత్రం నిమ్మరసం నీళ్లంత లేతగా ఉండాలి. నెలలు పెరిగాక ఒకసారి పోసి, లేచి రెండడుగులు వేసి, మళ్లీ కూర్చోండి. అడుగున మిగిలింది దిగుతుంది. ఐరన్ గోళీల వల్ల మలబద్ధకం ఉంటే అది కూడా చెప్పండి. నిండిన పెద్దపేగు మూత్రాశయాన్ని పూర్తిగా ఖాళీ కానివ్వదు.

వేడి చేసిందని బార్లీ నీళ్లు, ఈత కల్లు తాగమంటున్నరు. — జడ్చర్ల

బార్లీ, మజ్జిగ, సబ్జా నీళ్లు తాగండి. నీళ్లు లోపలికి పోతాయి, అంతే. మందుకు బదులు కాదు. కల్లు వద్దు. చెట్టు మీదే కుండలో పులియడం మొదలవుతుంది, సారా గుణం ఉంటుంది. గర్భిణికి ఇంత తాగితే ఫరవాలేదు అనే కొలత లేదు.

మా దిక్కు నీళ్లల్ల ఫ్లోరైడ్. ఈ ఇన్ఫెక్షన్లు దానివల్లేనా? — మర్రిగూడ

కాదు. ఫ్లోరైడ్ పళ్లను, ఎముకలను పట్టుకుంటుంది. అది బ్యాక్టీరియా కాదు, బ్యాక్టీరియాను తేదు. నీళ్లు మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుంది గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరయ్యేకొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. బోరు నీళ్లంటే భయంతో అసలు తాగడమే తగ్గించేవాళ్లు ఉన్నారు. అది మాత్రం ఇన్ఫెక్షన్‌కు సాయమే. భగీరథ నల్లా నీళ్లు కడుపునిండా తాగండి.

ఎనిమిదో నెల. మాటిమాటికి మూత్రం వస్తది. ఇది మామూలేనా, ఇన్ఫెక్షనా? దవాఖానకు ఎప్పుడు ఉరకాలె? — వనపర్తి

మాటిమాటికి రావడం గర్భంతో మామూలే. మంట, చుక్కలు చుక్కలుగా రావడం, పొత్తికడుపులో నొప్పి, రక్తపు చాయ మామూలు కావు. అవి ఉంటే మర్నాడు చూపించండి.

చలితో వణుకు, 100.4 డిగ్రీల పైన జ్వరం, ఒక పక్క డొక్కలో, ముఖ్యంగా కుడివైపు, నొప్పి, వాంతులు.. వీటితో రాత్రయినా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి. వణుకుడు జ్వరం కదా మలేరియా అని, గోళీ వేసుకుని తెల్లారేదాకా చూడవద్దు. బ్యాక్టీరియా గోడల్లోని విషం రక్తంలో కలిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, గర్భసంచి పిండుకోవడం మొదలై నెలలు నిండకుండానే నొప్పులు రావచ్చు. చేర్చుకుని, సెఫ్ట్రియాక్సోన్ లాంటి సూదులు నరానికి ఇస్తారు. నైట్రోఫ్యురాంటోయిన్, ఫాస్ఫోమైసిన్ కిడ్నీ కండలో చాలినంత చేరవు కాబట్టి ఇక్కడ పనికిరావు. రెండు, మూడు రోజుల్లో జ్వరం దిగాలి. దిగకపోతే రాయి అడ్డం పడిందా, చీము గడ్డ కట్టిందా అని స్కానింగ్ చేస్తారు. సూదులు, గోళీలు కలిపి రెండు వారాల మందు. ఇంటికి వచ్చాక కాన్పయ్యేదాకా రాత్రికొక చిన్న డోసు గోళీ రాయడం కూడా మామూలే. తగ్గింది కదా అని దాన్ని మానేయవద్దు.

మందు అయిపోయినంక మళ్లీ కల్చర్ ఎందుకు? — కోస్గి

గర్భిణుల్లో మూత్రం శుభ్రపడిందో లేదో మంట చెప్పదు, ప్లేటు చెప్పాలి. చివరి గోళీ తర్వాత ఒకటి, రెండు వారాలకు ఒకసారి చేయించండి. అదే పేరు మళ్లీ వస్తే మందు చాలలేదని, లేదా రాయి ఉందని. వేరే పేరు వస్తే కొత్త ఇన్ఫెక్షన్. అందుకే పాత రిపోర్టు పారేయవద్దు, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి డాక్టరుకు చూపించాలి.

నైట్రోఫ్యురాంటోయిన్ మొదలుపెట్టినంక మూత్రం ముదురు గోధుమ రంగుల వస్తుంది. రక్తమా? — నారాయణపేట

మందు రంగే, ఆపగానే పోతుంది. అన్నం తిన్నాక వేసుకోండి, వాంతి వచ్చినట్టు ఉండటం తగ్గుతుంది. కళ్లు పచ్చబడినా, ఆయాసం వచ్చినా మాత్రం ఆపి చూపించండి. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్ తక్కువగా ఉండటం) ఉందని ఇదివరకే తేలినవాళ్లకు, నెలలు నిండినవాళ్లకు ఈ మాత్ర బదులు వేరేది రాస్తారు.